మెగావాట్లు సరే, 24 ఓల్టుల లెక్కేది?

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు మోటర్లు పెట్టుకున్న రైతును అడగండి. ఒక మోటరు కాలితే రెండోది ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరే కాలితే రెండూ లేనట్టే. సూర్యాపేట పల్లెల్లో ఈ ముక్క చెప్పడానికి ఇంజనీరు అక్కరలేదు. రాత్రి కరెంటు రోజుల్లో, తడి మడిలో నిలబడి స్టార్టర్ మీద చెయ్యి వేసి షాకుకో పాముకాటుకో మనుషుల్ని పోగొట్టుకున్న ఇండ్లు మన దగ్గర తక్కువేం లేవు. ఆ గోస చూసినోళ్లమే కాబట్టి మన కరెంటు మనకు కావాలని కొట్లాడినం. రాష్ట్రం వచ్చింది. 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటల కరెంటు అన్నారు. అప్పటి నుంచి ప్రతి సభలో ఈ 24 గంటల మాటే. ఒకరు ఇచ్చినమంటారు, ఇంకొకరు ఇయ్యలేదంటారు.

ఈ వారం మేం చెప్పదలచుకున్నది 24 గంటల కరెంటు గురించి కాదు. 24 ఓల్టుల కరెంటు గురించి. దీని గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు. కానీ వందల మెగావాట్ల టర్బయిన్ తిరగాలన్నా, ఆగమన్నప్పుడు ఆగాలన్నా ఈ చిన్న కరెంటే కావాలి. ఇది పోయిన రాత్రి ఏమైతదో మనం ఒకసారి చూసినం.

2020 ఆగస్టు 20, గురువారం రాత్రి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం. 150 మెగావాట్లవి ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు. కృష్ణకు వరద రోజులు, కరెంటు తీస్తున్నారు. అదే సమయంలో లోపల బ్యాటరీలు మార్చే పని నడుస్తున్నది. పదిన్నర ప్రాంతంలో మంటలు లేచాయి. సొరంగం నిండా పొగ. జాతీయ విపత్తు దళం వాళ్లు పోయారు, సింగరేణి నుంచి రెస్క్యూ వాళ్లు కూడా పోయారు. మరునాడు తొమ్మిది శవాలు బయటికొచ్చాయి. ఒక డీఈ, నలుగురు ఏఈలు, ఇద్దరు ప్లాంటు అటెండెంట్లు, ఇద్దరు బ్యాటరీ కంపెనీ మనుషులు. ఆ నలుగురు ఏఈల్లో ఒకరు మన సూర్యాపేట బిడ్డ. అప్పటి విద్యుత్ మంత్రి జగదీశ్ రెడ్డి కూడా సూర్యాపేట శాసనసభ్యుడే. ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. రెండు నెలలు దాటాక, అక్టోబరులో రెండు యూనిట్లు మళ్లీ నడిపించినమని పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. యూనిట్లు తిరిగొచ్చినయ్, మనుషులు తిరిగిరాలేదు.

డీసీ సరఫరా పోయిందనీ, అందువల్ల ఆగాల్సిన యూనిట్లు ఆగాల్సిన తీరున ఆగలేదనీ ఆ రోజుల్లో వార్తలొచ్చాయి. చాలామంది చదివి పక్కన పెట్టేశారు. డీసీ అంటే ఏంది, అది పోతే యంత్రం ఎందుకు ఆగదు? ఇంటి కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది కదా, టర్బయిన్ ఎందుకు ఆగదు? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా శ్రీశైలం గురించి ఎంత మాట్లాడినా ఫలితం లేదు. అందుకే జర ఓపిక పట్టి వినండి.

టర్బయిన్‌ను తిప్పేది ఆవిరో నీళ్లో కావొచ్చు, దాన్ని పట్టి ఉంచేది మాత్రం కంట్రోలు ప్యానెల్. మన దేశంలో థర్మల్ కేంద్రాల పెద్ద టర్బయిన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. ఆ వేగం పెరగొద్దు, తగ్గొద్దు. వేగాన్ని కొలిచే సెన్సార్లు, లెక్క కట్టే కార్డులు, వాల్వులను కొద్దికొద్దిగా తెరిచి మూసే గవర్నర్, అన్నీ ఆ ప్యానెల్‌లోనే ఉంటాయి. ఇవన్నీ సాధారణంగా నడిచేది 24 ఓల్టుల డీసీ మీద. బయటి నుంచి వచ్చే 230 ఓల్టుల ఏసీనో, స్టేషన్ బ్యాటరీ నుంచి వచ్చే 220 ఓల్టుల డీసీనో తీసుకుని 24 ఓల్టులుగా మార్చి ఇచ్చే పెట్టెను పవర్ సప్లయి మాడ్యూల్ అంటారు. చూడడానికి లావుపాటి డిక్షనరీ అంత ఉంటుంది. ముందు ఒక పచ్చ లైటు. టర్బయిన్ ధర ముందు దీని ధర లెక్కలోకే రాదు.

ఒక్క మాడ్యూల్ మీద ఆధారపడితే అది పోయినప్పుడు అంతా పోతుంది. కాబట్టి రెండు పెడతారు. రెండూ ఒకేసారి పనిచేస్తుంటాయి, బరువు చెరిసగం మోస్తాయి. మధ్యలో డయోడ్లు ఉంటాయి. పాడైన మాడ్యూల్ మంచిదాని కరెంటును వెనక్కి గుంజకుండా అడ్డుకోవడం వాటి పని. ఒకటి చచ్చినా రెండోది అప్పటికప్పుడు మొత్తం బరువు ఎత్తుకుంటుంది, టర్బయిన్‌కు సోయి కూడా ఉండదు. టర్బయిన్ నడుస్తుండగానే చచ్చినదాన్ని గుంజి కొత్తది పెట్టొచ్చు. కాగితం మీద చక్కని ఏర్పాటు.

మరి ఎక్కడ చెడుతుంది? రైతు చెప్పిన దగ్గరే. రెండు మాడ్యూళ్లకూ కరెంటు ఒకే చోటి నుంచి వస్తే అవి పేరుకే రెండు. అసలు పద్ధతి ఏందంటే ఒకదానికి యూపీఎస్ నుంచి, రెండోదానికి స్టేషన్ బ్యాటరీ నుంచి ఇయ్యాలి. వైర్లు వేరు, బ్రేకర్లు వేరు, వీలైతే పోయే దారి కూడా వేరు. పెద్ద కేంద్రాల్లో బ్యాటరీలు కూడా రెండు సెట్లు పెట్టుకుంటారు. సెల్లు ఒక్కొక్కటి 2 ఓల్టులు, 220 ఓల్టులకు నూటాపది దాకా సెల్లు కావాలి. ఒక సెట్టును మరమ్మతుకు తీసినప్పుడు రెండోది మొత్తం మొయ్యాలి. అంటే మరమ్మతు జరిగినన్ని రోజులు మనకు ఉన్నది ఒక్కటే. ఆ రోజుల్లో యూనిట్ నడపాల్నా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో చోట కూడా చెడుతుంది. పదేండ్ల కింద ప్యానెల్ పెట్టినప్పుడు ఒక్కో మాడ్యూల్ మొత్తం బరువు మోసేటట్టే ఉంటుంది. తర్వాత ఒక కార్డు కలుపుతారు, రెండు రిలేలు కలుపుతారు, ఇంకేదో మీటరు పెడతారు. రెండూ కలిసి మోస్తున్నన్ని రోజులు ఏ ఇబ్బందీ కనిపించదు. ఒకటి పోయిన నిమిషాన రెండోది మొయ్యలేక కూలుతుంది. జోడెడ్లలో ఒకటి పడిపోతే నిండు బండిని రెండోది ఒక్కతే గుంజలేదు కదా, అట్లనే.

ఇగ ఎండ, దుమ్ము. ఈ మాడ్యూళ్లలో కెపాసిటర్లు ఉంటాయి, వాటి లోపలి రసం వేడికి ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతి పిల్లగాడికీ తెలుసు. చలిదేశాల్లో పదేండ్లు వచ్చే మాల్ మిర్యాలగూడ మే నెలలో, ఏసీ పనిచేయని ప్యానెల్ గదిలో ఎన్నేండ్లు వస్తుందో లెక్క కట్టండి. కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు దుమ్ము, మిర్యాలగూడలో ఊక దుమ్ము. ఫ్యాన్ ఫిల్టర్లు వారానికే మూసుకుపోతాయి. స్టోర్లో స్పేర్ ఉన్నది కదా అంటారు. ఏండ్ల తరబడి కరెంటు తగలకుండా అట్టపెట్టెలో పడున్న స్పేర్‌లో కూడా ఆ కెపాసిటర్లు చెడిపోతూనే ఉంటాయి. స్పేర్ ఉండడం వేరు, పనిచేసే స్పేర్ ఉండడం వేరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఫ్యాన్ ఆగుతుంది కదా, టర్బయిన్ ఎందుకు ఆగదు?

టర్బయిన్ వాల్వు దగ్గర ఉండే ట్రిప్ ఏర్పాటు చాలాచోట్ల కరెంటు పోతే మూసుకునే పద్ధతిలో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే ఆయిల్ ఒత్తిడి వాల్వును తెరిచి పట్టుకుంటుంది. కరెంటు పోతే ఆయిల్ కారిపోయి స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. అంటే 24 ఓల్టులు పోతే ఆవిరి బందవుతుంది. ఉత్పత్తి నష్టమే తప్ప ప్రాణనష్టం ఉండొద్దు. కానీ జనరేటర్‌ను గ్రిడ్ నుంచి విడదీసే పెద్ద బ్రేకర్ సంగతి దీనికి పూర్తిగా తిరకాసు. అది తెరుచుకోవాలంటే దాని కాయిల్‌కు బ్యాటరీ కరెంటు కావాలి. బ్యాటరీ కరెంటు లేకపోతే తప్పును పసిగట్టే రిలే గుడ్డిది, బ్రేకర్ చెవిటిది. అప్పుడు జనరేటర్ గ్రిడ్‌కు కరెంటు ఇచ్చేది పోయి గ్రిడ్డే జనరేటర్‌ను మోటరు లెక్క తిప్పుతుంది. బేరింగులకు ఆయిల్ కొట్టే అత్యవసర పంపు కూడా డీసీదే. అదీ ఆగితే టన్నుల కొద్దీ ఇనుము ఆయిల్ లేకుండా తిరుగుతుంది. ఆపుదామంటే ఆపే మీట పనిచేయదు. ఎంత వెడల్పు ఎంత లోతు నష్టం జరగనుందో చెప్పాల్సిన మీటర్లు కూడా చీకట్లోనే ఉంటాయి.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో క్యాలైడ్ అనే బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్నది. 2021 మే 25న అక్కడి సీ4 అనే, 400 మెగావాట్లకు పైబడిన యూనిట్‌కు కొత్త బ్యాటరీ చార్జర్ కలుపుతున్నారు. యూనిట్ నడుస్తూనే ఉన్నది. మార్చే క్షణంలో కొత్త చార్జర్ వెనక బ్యాటరీ లేదు. డీసీ ఓల్టేజీ కూలింది, దాని వెంట యూనిట్ ఏసీ పోయింది. ఏసీని ఇంకో దారికి మార్చాల్సిన ఆటోమేటిక్ స్విచ్ అంతకుముందు నుంచే పనిచేయడం లేదు. ఆవిరి బందైనా బ్రేకర్ తెరుచుకోలేదు. అరగంటకు పైగా గ్రిడ్ ఆ జనరేటర్‌ను తిప్పింది, బేరింగులకు ఆయిల్ లేదు. చివరికి టర్బయిన్ షాఫ్టు తునకలైంది. రెండు టన్నుల భాగం ఎగిరి అవతల పడ్డది. నాలుగున్నర లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అదృష్టం, ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ ఘటన మీద నిపుణుడు రాసిన నివేదిక 2024లో జనం చదువుకునేటట్టు బయటికొచ్చింది.

శ్రీశైలానికీ క్యాలైడ్‌కూ మధ్య తొమ్మిది నెలల ఎడం. ఒకటి నీళ్లది, ఒకటి బొగ్గుది. ఒకటి మన దగ్గర, ఒకటి సముద్రాల అవతల. కానీ రెండు చోట్లా యూనిట్లు తిరుగుతుండగానే డీసీ వ్యవస్థ మీద చెయ్యి పెట్టారు. బ్యాటరీ మార్చడాన్ని అందరూ చిన్నపని అనుకుంటారు. టర్బయిన్ విప్పాలంటే నెలల ముందు మీటింగులు పెడతారు, బ్యాటరీ మార్చాలంటే ఒక కాంట్రాక్టర్‌కు ఫోను చేస్తారు. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ నీళ్లు బ్యాటరీలను ముంచినప్పుడు, రియాక్టర్ మీటర్లు చూడడానికి అక్కడి ఉద్యోగులు కార్ల బ్యాటరీలు ఊడదీసుకొచ్చి కలిపారు. అణు విద్యుత్ కేంద్రం కారు బ్యాటరీల కోసం పార్కింగ్‌లో వెతుక్కున్నదంటే బ్యాటరీ చిన్నపనో పెద్దపనో అర్థం చేసుకోవాలె.

మేం కంటితో చూసింది ఒకటి చెప్తాం. మన ప్రాంతంలోనే ఒక ఫ్యాక్టరీ. పేరు వద్దు, అందులో పనిచేసే పిల్లల పొట్ట కొట్టినట్టవుతుంది. సొంత అవసరానికి చిన్న టర్బయిన్ నడుపుకుంటారు. తెలిసిన తమ్ముడు ఒకాయన షిఫ్టులో ఉంటే లోపలికి పోయి చూసినం. కంట్రోలు ప్యానెల్ తలుపు తెరిస్తే రెండు మాడ్యూళ్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని పచ్చ లైటు వెలుగుతున్నది, రెండోదానిది లేదు. ఎప్పటి నుంచి లేదో ఎవరికీ తెలియదు. మాడ్యూల్ పోయిందని చెప్పడానికి దానికొక అలారం తీగ ఉంటుంది. ఆ తీగను ఎక్కడికీ కలపకుండా టేపు చుట్టి వదిలేశారు. ఇంకా వెనక్కి చూస్తే రెండు మాడ్యూళ్ల వైర్లూ ఒకే బ్రేకర్ కిందికి పోతున్నాయి. కొనుగోలు కాగితాల్లో మాత్రం రెండు విడివిడి సప్లయిలు అని రాసి ఉంటుంది, ఆడిట్ వాళ్లు టిక్కు పెట్టి ఉంటారు. ఆ తమ్ముడు డిప్లొమా చదివినవాడే, కానీ కాంట్రాక్టు మనిషి. లైటు ఆరిందని రిజిస్టర్‌లో రాస్తే ముందుగా అడిగేది నువ్వెందుకు తెరిచినవ్ అనే కదా. రాయకపోతే నష్టం లేదు, రెండో లైటు ఆరేదాకా.

మొదటిది పోయినప్పుడు చప్పుడు రాకపోవడమే ఈ ఏర్పాటులో ఉన్న ప్రమాదం. ఒక్కటే ఉన్నప్పుడు మనిషి భయంతో జాగ్రత్తగా ఉంటాడు. రెండున్నాయన్న ధీమా ఉన్నప్పుడు ఒకటి పోయి ఏడాదైనా చూడడు.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే యాదాద్రి ఉన్నది కాబట్టి. పేరు యాదాద్రి, ఉన్నది మాత్రం నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర, మిర్యాలగూడ కూతవేటు దూరంలో. 2015 జూన్ 8న శంకుస్థాపన. 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4000 మెగావాట్లు. 2024 డిసెంబరు 7న రెండో యూనిట్‌ను, 2025 ఆగస్టు 1న మొదటి యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. వెనక నుంచి లెక్కపెట్టుకున్నట్టున్నారు. ఇవి కాక నాగార్జునసాగర్ ప్రధాన పవర్ హౌస్ 815 మెగావాట్ల పైచిలుకు, ఎడమ కాలువ మీద 60, చింతలపాలెం మండలంలో పులిచింతల 120. దానికి తోడు కోదాడ, హుజూర్‌నగర్, మట్టపల్లి దారి పొడుగునా సిమెంటు ఫ్యాక్టరీలు. ఎవుసం తర్వాత మన ప్రాంతపు పిల్లలకు దొరికే పని టర్బయిన్ చప్పుడు వినిపించే చోటే ఎక్కువ.

యాదాద్రి కోసం తండాల వాళ్లు భూములిచ్చారు, ఊళ్లు బూడిదను భరిస్తాయి. ఆ బూడిద సంగతి మేం ఇంతకుముందు రాసినం, మళ్లీ రాస్తం. కాలుష్యం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద ధర్నా చేయొచ్చు. ప్యానెల్‌లో ఆరిపోయిన పచ్చలైటు మీద ధర్నా చేసినోళ్లను మేం చూడలేదు. చేయాల్సిన అవసరం ఉన్నదని ఈ వ్యాసం.

కొందరు మిత్రులు అంటారు, ఇవన్నీ పెద్ద కంపెనీలు డిజైన్ చేసినవి, మీకేం తెలుసు అని. నిజమే. బీహెచ్ఈఎల్ బెంగళూరు విభాగం ఈ కంట్రోలు వ్యవస్థలు దశాబ్దాలుగా చేస్తున్నది, మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీల టర్బయిన్లు చేస్తున్నది. కొత్తగా పెట్టిన రోజున అంతా సవ్యంగానే ఉంటుందని మేమూ ఒప్పుకుంటం. మా భయం పదో ఏడు గురించి. స్పేర్ టెండర్ ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోయే ఆరు నెలల గురించి. ఎండాకాలం డిమాండు ఉన్నది, యూనిట్ ఆపొద్దు, నడుస్తుండగానే మార్చెయ్యండని పైనుంచి వచ్చే ఫోను గురించి. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశం గ్రిడ్‌తో కలిసింది. ఒక 800 మెగావాట్ల యూనిట్‌ను రెండు రోజులు ఆపితే రాష్ట్రం చీకటైపోయే కాలం కాదిది. ఆ రెండు రోజుల కరెంటు కొనుక్కోవచ్చు. ఖర్చవుతుంది, అంతే.

జెన్‌కో యాజమాన్యాన్ని, ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. బ్యాటరీ, చార్జర్, కంట్రోలు సప్లయి, వీటిలో దేన్ని మార్చాలన్నా ముందు యూనిట్ ఆపాలి. ఆపకుండా చేయక తప్పదంటే ఆ ఆర్డర్ మీద చీఫ్ ఇంజనీర్ సంతకం ఉండాలి, నోటి మాట మీద నడవొద్దు. ఏడాదికోసారి, యూనిట్ ఓవర్‌హాల్‌కు నిలిపినప్పుడు, ఒక మాడ్యూల్‌ను కావాలని గుంజి రెండోది బరువు మోస్తున్నదో లేదో చూడాలి. తర్వాత రెండోదాన్ని గుంజి మొదటిదాన్ని చూడాలి. గంట పని. శ్రీశైలం విచారణల్లో తేలిన సంగతులన్నీ తెలుగులో అచ్చువేసి ప్రతి కంట్రోలు రూములో పెట్టాలి, ప్రైవేటు ఫ్యాక్టరీలకు కూడా పంపాలి. ఆ తొమ్మిదిమంది ప్రాణాలు పెట్టి నేర్పిన పాఠం సీలు వేసిన కవర్లో ఉండడానికి వీల్లేదు.

నియామకాల సంగతి కూడా ఇందులోనే ఉన్నది. యాదాద్రిలో మనోళ్లకు ఉద్యోగాలు అంటే గేటు దగ్గర సెక్యూరిటీ, బొగ్గు కాడ హమాలీ అని సరిపెట్టుకోవద్దు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లలకు కంట్రోలు ప్యానెల్ ముందు కుర్చీ కావాలి. ఆర్టిజన్ అయినా కాంట్రాక్టు అయినా, లైటు ఆరిందని రాసినవాడికి మెమో రాకూడదు. ఉద్యోగ సంఘాల నాయకులు పీఆర్సీ మీద కూర్చున్నంత గట్టిగా దీని మీద కూడా కూర్చోవాలె. ఈసారి యాజమాన్యంతో చర్చలకు పోయినప్పుడు జీతం కాగితం తీసే ముందు ఒక్క మాట అడగండి: ప్యానెల్‌లో రెండో మాడ్యూల్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తున్నది, దాన్ని చివరిసారి ఎవరు, ఏ తారీఖున గుంజి చూశారు?